జూన్ ఎండలో స్వెటర్ వేసుకున్న చెల్లెలు

పట్టుమగ్గం అక్క, బరంపురం | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇంతకాలం ఇక్కడ రైలు టికెట్ల గురించీ, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పుస్తకాల గురించీ తప్ప ఏమీ అడగలేదు. ఇప్పుడు రాసే సంగతి ఇంట్లో ఎవరితో ఎలా చెప్పాలో తెలియక రాస్తున్నాను.

మా చెల్లెలికి 19 ఏళ్ళు. డిగ్రీ రెండో ఏడు. మూడు తరాలుగా మాది బరంపురమే. గడప లోపల తెలుగు, గడప దాటితే ఒడియా. రజో పండుగ రెండో రోజున పక్కింటి మామిడి చెట్టుకు ఉయ్యాల కట్టారు. మూడు ఊపులు ఊగిందో లేదో, చేతిలో తాడు వదిలేసి పక్కకు ఒరిగిపోయింది. పడకుండా పట్టుకున్నాను. పట్టుకున్నప్పుడే నాకు తెలిసింది. పైన చున్నీ, దాని కింద స్వెటర్, స్వెటర్ లోపల పిల్ల లేదు. భుజం ఎముక నా అరచేతికి గుచ్చుకుంది. జూన్ నెల, పైగా బరంపురం ఉక్క! స్వెటర్ ఎందుకే అంటే చలిగా ఉందంటుంది.

వడదెబ్బ అన్నారు అందరూ. గ్లూకోజు నీళ్ళు కలిపి ఇస్తే గ్లాసు పెదవికి ఆనించి, తాగినట్టు నటించి, తులసికోటలో పోసింది.

ఆ రాత్రి నుంచి గమనిస్తున్నాను. ఇడ్లీని గోరంత ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కనూ సాంబారులో ముంచి, గిన్నె అంచుకు అద్ది, పిండి, కంచంలో వరసగా పేరుస్తుంది. అరగంటకు ముప్పావు ఇడ్లీ అలాగే ఉంటుంది. అమ్మ ఇంకేదో పని మీద వంటింట్లోకి లేవగానే అది కాగితంలోకి పోతుంది. విచిత్రం ఏమిటంటే, పండుగకు పొడ పిఠా కాల్చింది తనే. కొబ్బరి, బెల్లం, అల్లం సమంగా కలిపి, అరిటాకులో చుట్టి, పొయ్యి దగ్గర గంటల తరబడి కూర్చుని కాల్చింది. అందరికీ కోసి పెట్టింది. మేము తింటుంటే మా నోళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

ఇంకొకటి. బీరువాలో మార్చిలో కొన్న ప్యాడ్ల పొట్లం విప్పకుండా ఉంది. భూదేవికి నెలసరి అని మూడు రోజులు నాగలి పట్టకుండా రజో పండుగ చేసుకునే నేల ఇది. మా ఇంట్లో పిల్లకు ఆ నెలసరి ఆగిపోయిందని ఒక్కరికీ తెలియలేదు.

మొదలు ఎక్కడో నాకు తెలుసు. మాఘమాసంలో మేనమామ కూతురి పెళ్ళి. ఆ పెళ్ళి రీలులో రెండు మూడు సెకన్లు మా చెల్లెలు లడ్డూ తింటూ కనిపిస్తుంది. కింద ఒకరు నవ్వు బొమ్మలు పెట్టి, "పెళ్ళికూతురిని మించిపోయింది, వెడల్పులో" అని రాశారు. రాసింది పరాయివాళ్ళు కాదు, మా బంధువే. ఆ తరువాత తన ఫోను తెరిస్తే ఒకటే వరస: రోజంతా నేను తినేది ఇదే అని చూపించే అమ్మాయిలు, నడుము చుట్టూ దారం కట్టుకునే అమ్మాయిలు.

నిన్న పెద్దత్త వచ్చి, "ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నావే, ఏం చేశావో మా పిల్లకూ చెప్పు" అంది. చెల్లెలి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు కాళ్ళు ఆడలేదు.

అమ్మ గ్యాస్ మాత్రలు ఇస్తోంది. నాన్న దిష్టి తీయించమంటున్నారు. నేను ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి? ఏమని చెప్పాలి?

నిర్వాహకురాలు | సోమవారం, రాత్రి 11:05

జవాబులు రాసేవారికి ఒక మనవి. ఈ చర్చలో ఎవరూ కిలోలు, క్యాలరీలు, నడుము కొలతలు రాయవద్దు. బరువు తగ్గే ఉపాయాలు అసలే వద్దు. ఇలాంటి చర్చలను ఆ జబ్బులో ఉన్నవాళ్ళు కూడా చదువుతారు. ఒకరి అంకె ఇంకొకరికి పందెం అవుతుంది. అంకె కనిపిస్తే జవాబు మొత్తం తీసేస్తాను.

పర్లాకిమిడి పిన్ని | మంగళవారం, ఉదయం 6:15

అమ్మాయీ, కంగారు పడకు. ఆ వయసులో మేమందరం పుల్లల్లాగే ఉండేవాళ్ళం. పిల్లలు తినకపోతే తినిపించాలి, అంతే. పెరుగన్నం మెత్తగా కలిపి, పక్కన కూర్చుని ముద్దలు పెట్టు. వద్దంటే ఒక్క కసురు కసురు. ఆ ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. పది రోజుల్లో దారికి వస్తుంది. డాక్టర్లూ గీక్టర్లూ అని తిప్పితే రేపు సంబంధాలు చూసేటప్పుడు లేనిపోని మాటలు వస్తాయి.

గుణుపురం నర్సు | మంగళవారం, ఉదయం 9:30

పిన్నిగారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. పక్కన కూర్చోవాలి అన్నది మాత్రం నిజం, దాని సంగతి తరువాత చెబుతాను.

అక్కా, మీరు రాసిన వాటిలో స్పృహ తప్పడం, చలి, నెలసరి ఆగడం మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఒంటికి చాలినంత తిండి అందకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. ముందు వేడి తగ్గిస్తుంది, తరువాత నెలసరి ఆపుతుంది, నాడి నెమ్మదిస్తుంది. చేతుల మీద, వీపు మీద సన్నని నూగు మొలుస్తుంది. జుట్టు దువ్వెనకు వస్తుంది. కడుపు కూడా మందగించి, తిన్న నాలుగు మెతుకులకే ఉబ్బరం వస్తుంది. అందుకే మీ అమ్మగారికి గ్యాస్ అనిపించింది. పిల్లా గ్యాస్ అనే చెబుతుంది, ఆ మాట వెనక దాక్కోవడం తేలిక.

ఆకలి లేదు అంటే నమ్మకండి. ఈ జబ్బుకు అనొరెక్సియా నర్వోసా అని 1873లో పేరు పెట్టినవాడు విలియం గల్ అనే లండన్ వైద్యుడు. ఆ మాటకు అర్థమే ఆకలి లేకపోవడం. పేరే తప్పు. మన ఆయుర్వేదంలో అరుచి అనేది ఉంది కదా, ఇది అది కాదు. ఆకలి నిక్షేపంలా ఉంటుంది. పిల్ల పొద్దస్తమానం దానితో కుస్తీ పడుతూ ఉంటుంది. వేరేవాళ్ళ కోసం పిఠా కాల్చి చూస్తూ కూర్చోవడం ఆ కుస్తీలో భాగమే.

ముందు మామూలు వైద్యుల దగ్గరకే తీసుకెళ్ళండి. నాడి, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డప్పుడూ రక్తపోటు, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, చక్కెర చూడమని అడగండి. స్పృహ తప్పింది కాబట్టి ఈ వారమే వెళ్ళండి. మళ్ళీ పడినా, గుండె దడ వచ్చినా వారం కూడా ఆగవద్దు. ఆ తరువాత మానసిక వైద్యులు. మీ ఊళ్ళోనే ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో ఆ విభాగం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి.

ఇక ముద్దలు కుక్కడం. వారాల తరబడి సరిగా తినని మనిషికి ఒక్కసారిగా నిండుగా పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె తడబడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శిబిరాల నుంచి విడిపించిన ఖైదీలు కొందరు కడుపునిండా తిన్న తరువాతే చనిపోయారు. అందుకని పరీక్షలు అయ్యాక, ఎంత పెంచాలో వాళ్ళు చెప్పినట్టే. కసరడం అసలే వద్దు.

రాయగడ రైలుబండి | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఎవరినీ నొప్పించాలని కాదు. నేను మందుల కంపెనీ పని మీద కొరాపుట్, మల్కన్‌గిరి తిరుగుతుంటాను. చోడి అంబలి ఒక్క పూట దొరికితే చాలనుకునే ఇళ్ళు చూస్తాను. అలాంటి చోట తిండి ఉండి తినకపోవడాన్ని జబ్బు అంటే నాకు మింగుడు పడటం లేదు. ఇది డబ్బున్నవాళ్ళ తిక్క కాదా?

గుణుపురం నర్సు | మంగళవారం, మధ్యాహ్నం 2:25

అన్నయ్యా, మీరు చూసే ఇళ్ళు నేనూ చూస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 64.3 శాతం మందికి రక్తహీనత. అయిదుగురిలో ఒకరు ఉండాల్సిన దానికన్నా బక్కగా ఉన్నారు. ఇప్పుడు ఆలోచించండి. ఇలాంటి చోట పాలిపోయిన బక్కపిల్ల ఆసుపత్రికి వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? ఐరన్ మాత్రలు రాసి పంపుతాం. నేనూ పంపాను. ఎంతమందిని అలా పంపానో అని అక్క రాసింది చదివినప్పటి నుంచి లెక్కపెట్టుకుంటున్నాను.

బడిపంతులు, కాశీనగరం | మంగళవారం, రాత్రి 8:50

రైలుబండి గారి ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. దానికి ఒక పాత కథ జవాబు చెబుతుంది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్ళడానికి నిరాకరించిన 36 మంది యువకులను వాళ్ళ ఒప్పుదలతోనే ఆరు నెలల పాటు సగం తిండితో ఉంచాడు. యుద్ధంలో మాడిపోయిన యూరప్ జనానికి మళ్ళీ ఎలా తినిపించాలో తెలుసుకోవడానికి. అందరూ మగవాళ్ళు, ఒంట్లో మనసులో ఏ లోపమూ లేనివాళ్ళు. కొన్ని వారాలకే వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. కంచంలో అన్నాన్ని ముక్కలు చేసి గంటల తరబడి సాగదీశారు. వేసవిలో చలి అన్నారు. స్నేహితులను వదిలేసి మూలన కూర్చున్నారు. అక్క వాళ్ళ ఇంట్లో ఇడ్లీ ముక్కలూ, స్వెటరూ, పొడ పిఠా చదివినప్పుడు నాకు ఆ 36 మందే గుర్తొచ్చారు. అంటే, ఎందుకు మొదలైనా సరే, కొంతదూరం పోయాక ఆకలే బుర్రను నడిపిస్తుంది. అక్కడ తిక్కకూ పొగరుకూ చోటు లేదు.

ఇక మన మాటల సంగతి. తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి ఇది నాకు పట్టుకుంది. మా అమ్మ ఎవరినైనా "చిక్కిపోయావు" అంటే ఆ మాటలో జాలి ఉండేది. వెంటనే "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా" అనేది. "ఒళ్ళు చేశావు" అంటే మెప్పు. ఇప్పుడు అదే పిల్లను చూసి "సన్నబడ్డావు" అంటున్నాం, అది మెప్పు. "ఒళ్ళు చేశావు" తిట్టు అయింది. మనిషి అదే, ఎముకలు అవే. జాలిపడాల్సిన చోట చప్పట్లు కొట్టడం ఎప్పుడు నేర్చుకున్నామో!

ఫిజీ దీవుల్లో ఇలాంటిదే జరిగింది. అక్కడ పుష్టిగా ఉండటమే అందం, పిల్ల చిక్కిపోతే ఊరంతా ఆందోళన పడేది. 1995లో నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు ఆ ఏడాది బడిపిల్లలను అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకునేదాన్ని అని ఒక్క అమ్మాయి కూడా చెప్పలేదు. 1998లో మళ్ళీ అడిగితే 11.3 శాతం మంది చెప్పారు. మూడేళ్ళు. అదీ హాల్లో పెట్టిన, అందరూ కలిసి చూసే టీవీతో. మన పిల్లల దిండు కింద ఉన్నది టీవీ కాదు. ఒక బక్కపిల్ల వీడియో మీద చూపు రెండు క్షణాలు ఎక్కువ ఆగితే, తరువాత పది అలాంటివే తెచ్చి పెడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ సొంత పరిశోధనలోనే, తమ శరీరం బాగాలేదని బాధపడే టీనేజి అమ్మాయిల్లో 32 శాతం మంది ఆ యాప్ తమ బాధను ఇంకా పెంచిందని చెప్పారు. కంపెనీ ఆ కాగితాలను లోపలే ఉంచుకుంది. 2021లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది.

అయినా ఆ వ్యాఖ్య రాసింది కంపెనీ కాదు, అక్క వాళ్ళ బంధువు. అది మరిచిపోకండి.

నీలం చున్నీ, రాయగడ | బుధవారం, రాత్రి 12:20

రాయాలా వద్దా అని రోజంతా ఆలోచించాను.

నాది ఇంకో రకం. నేను బక్కగా ఎప్పుడూ లేను. అందుకే ఎవరికీ తెలియలేదు. భువనేశ్వర్‌లో హాస్టల్లో చదివేటప్పుడు పగలంతా ఉపవాసం, రాత్రి ఎవరూ లేనప్పుడు దొరికినదంతా తినడం, ఆ తరువాత స్నానాల గదిలో కుళాయి తిప్పి ఉంచడం. ఇంతకుమించి వివరం రాయను. కుళాయి చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మంగళవారం అమ్మవారికి, గురువారం లక్ష్మికి, సోమవారం శివుడికి. ఇంటికి వచ్చినప్పుడు వ్రతాల పేరు చెప్పేదాన్ని. "ఎంత భక్తో మా పిల్లకు" అని నానమ్మ వీధంతా చెప్పుకునేది. దేవుళ్ళందరూ నా అబద్ధంలో భాగస్వాములయ్యారు, పాపం.

పట్టుకున్నది పళ్ళ డాక్టరు. పన్ను జివ్వుమంటోందని వెళ్తే, పైవరస పళ్ళను లోపలి వైపు అద్దం పెట్టి చూసి, అమ్మను బయట కూర్చోమన్నారు. "తరచూ వాంతులు అవుతున్నాయా?" అని మెల్లగా అడిగారు. కడుపులోని ఆమ్లం ఆ వైపు పింగాణీని తినేస్తుందట. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. నాలుగేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న అది.

దీనికి బులీమియా నర్వోసా అని పేరనీ, 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టరు దీన్ని విడిగా గుర్తించాడనీ తరువాత చదివాను. అంతకుముందు ఇది జబ్బు అని కూడా అనుకోలేదు. నేనే ఒక చెడ్డ అలవాటు అనుకున్నాను.

అక్కా, మీ చెల్లెలితో మాట్లాడేటప్పుడు తిండితో మొదలుపెట్టకండి. "ఎందుకు తినవు" అన్న ప్రశ్నకు తన దగ్గర వంద జవాబులు సిద్ధంగా ఉంటాయి. "ఉయ్యాల మీద నువ్వు ఒరిగినప్పుడు నాకు భయం వేసింది" అని చెప్పండి. దానికి జవాబు ఉండదు. ఫోను కూడా లాక్కోకండి. నా ఫోను లాక్కున్నప్పుడు స్నేహితురాలి ఫోనులో చూశాను, పైగా ఇంట్లో అబద్ధాలు రెట్టింపయ్యాయి.

పెళ్ళికూతుళ్ళ అలంకరణ, బరంపురం | బుధవారం, ఉదయం 11:00

నా తప్పు ఒకటి ఒప్పుకోవడానికి వచ్చాను.

పన్నెండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళను అలంకరిస్తున్నాను. మొదట్లో వచ్చే అమ్మాయిలు సినిమా తారల ఫొటోలు తెచ్చేవారు. ఇప్పుడు తమ ఫొటోలే తెస్తున్నారు. ఫిల్టర్ వేసిన తమ ముఖమే చూపించి "ఇలా చేయండి" అంటున్నారు. ఆ ముఖానికి దవడ ఉండదు, చర్మానికి రంధ్రాలు ఉండవు, కళ్ళు జింకపిల్లవి. మా బరంపురం పట్టుచీర కుంభం అంచును ఎంత వెడల్పుగా నేసినా, "నడుము లావుగా కనిపిస్తోంది, అంచు మడవండి" అంటారు. తారతో పోటీ పడి ఓడిపోతే ఆమె తార కదా అని సరిపెట్టుకోవచ్చు. తన ముఖంతోనే పోటీ అయితే ఎక్కడికి పోతుంది?

సెల్ఫీ సంగతి ఇంకోటి. అద్దంలో లేని ముక్కు ఫొటోలో ఎక్కడి నుంచి వచ్చింది అని ఏడ్చిన పిల్లలున్నారు. లెన్సుకు దగ్గరగా ఉన్నది పెద్దదై కనిపిస్తుంది, అంతే. ఐదు అడుగుల దూరంతో పోలిస్తే అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టారు. నేను కుర్చీలో కూర్చోబెట్టి రెండు దూరాల నుంచీ తీసి చూపిస్తాను. కొందరు నవ్వుతారు.

ఇక నా తప్పు. నా పేజీలో పెట్టే ప్రతి పెళ్ళికూతురి ఫొటోలోనూ నడుము, చేతులు నేనే సన్నం చేస్తాను. వేలితో ఒక గీతను ఇటు జరిపితే చాలు. అడగకుండానే చేస్తాను. నార్వేలో అయితే 2022 నుంచి చట్టం ఉంది, ప్రకటనల ఫొటోల్లో ఒంటి ఆకారం మారిస్తే ఆ సంగతి ఫొటో మీదే ముద్ర వేసి చెప్పాలి. ఇక్కడ నన్ను అడిగేవారు లేరు. నిన్న రాత్రి ఒక పెళ్ళికూతురి అసలు ఫొటో, నేను మార్చింది పక్కపక్కన పెట్టి చూశాను. అసలు ఫొటోలో ఆమె నవ్వుతుంటే బుగ్గ కింద చిన్న మడత పడుతుంది, వాళ్ళ అమ్మకు లాగే. నేను దాన్ని చెరిపేశాను. వాళ్ళ అమ్మ పోయి రెండేళ్ళయింది.

రాయగడ రైలుబండి | బుధవారం, మధ్యాహ్నం 12:45

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీలం చున్నీ గారూ, క్షమించండి. మా అక్క కూతురు కూడా ఈ మధ్య ప్రతి వారమూ ఉపవాసమే. ఇప్పుడే ఫోను చేసి వస్తాను.

పర్లాకిమిడి పిన్ని | బుధవారం, సాయంత్రం 5:30

ఇంతమంది రాసింది చదివాను. మా కోడలు పురిటికి వెళ్ళి వచ్చినప్పుడు గుమ్మంలోనే, "ఏమ్మా, మీ వాళ్ళు బాగానే మేపారే" అన్నాను. సరదాకే అన్నాను. అప్పటి నుంచి ఆ పిల్ల నా ఎదుట భోజనానికి కూర్చోదు. ఏదో పని ఉందంటుంది. పనిమంతురాలు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

గుణుపురం నర్సు | బుధవారం, రాత్రి 9:15

పిన్నిగారూ, పక్కన కూర్చోవడం గురించి చెబుతానన్నాను కదా. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఒకటి ఉంది. అందులో ముఖ్యమైన మందు ఇంటివాళ్ళే. ప్రతి పూటా తల్లో తండ్రో పక్కన కూర్చుంటారు. కంచంలో ఎంత ఉండాలో పిల్ల కాదు, పెద్దవాళ్ళు నిర్ణయిస్తారు, వైద్యుల సలహాతో. కసరరు, బతిమాలరు, బేరమాడరు, తినేవరకూ లేవరు. చెప్పినంత తేలిక కాదు. మొదట్లో ఒక్కో పూట గంట పడుతుంది. కంచం ఎగిరిపడే రోజులుంటాయి. మీలాంటి ఓపికగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండటం అదృష్టమే, నోరు మాత్రం కొంచెం అదుపులో ఉంటే.

పర్లాకిమిడి పిన్ని | బుధవారం, రాత్రి 9:40

అన్నావులే. కోడలికి ఇవాళ నేనే వడ్డించాను. ఏమీ అనలేదు.

పట్టుమగ్గం అక్క, బరంపురం | పదకొండు రోజుల తరువాత, ఆదివారం, ఉదయం 11:20

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

నీలం చున్నీ గారు చెప్పినట్టే మొదలుపెట్టాను. డాబా మీద, చీకట్లో. "నువ్వు ఒరిగినప్పుడు భయం వేసింది" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నాకూ వేసింది" అంది.

ముందు ఆడ డాక్టరు దగ్గరకు వెళ్ళాం, నెలసరి పేరు చెప్పి. అమ్మకు ఆ కారణమైతేనే ఒప్పుదల. నర్సు గారి జాబితా కాగితం మీద రాసుకుని వెళ్ళాను. నాడి బాగా తక్కువగా ఉంది, పొటాషియం తక్కువ. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తిండిని కొలిచి, నెమ్మదిగా పెంచారు. మానసిక వైద్యురాలు ఒడియాలో అడిగితే చెల్లెలు ఒడియాలోనే జవాబు చెప్పింది, అమ్మ ముందు తెలుగులో చెప్పలేనివన్నీ. అమ్మకు ఒడియా రాదనుకుందో ఏమో. అమ్మకు వచ్చు. అమ్మ గోడవైపు తిరిగి వింటూ కూర్చుంది.

ఆ బంధువుకు నేనే ఫోను చేశాను. "సరదాకి అన్నానమ్మా, ఇంత పట్టించుకుంటుందనుకోలేదు" అని వ్యాఖ్య తీసేశాడు. కానీ చెల్లెలి ఫోనులో దాని ఫొటో దాచి ఉంది. వ్యాఖ్య పెట్టిన రాత్రే తీసిందట. తీసేయమని నేను అడగలేదు. అది డాక్టరుగారితో మాట్లాడుకోవాల్సింది అనిపించింది.

పెద్దత్త నిన్న మళ్ళీ వచ్చింది. వీధి గేటు దగ్గరే ఆపి, పిల్ల ఒంటి గురించి మంచిగానీ చెడుగానీ ఒక్క మాట వద్దన్నాను. ముఖం ముడుచుకుంది. లోపలికి వచ్చి అరగంట సేపు అప్పడాల పిండి గురించి మాట్లాడి వెళ్ళిపోయింది. ఇక ఎప్పుడు వస్తుందో తెలియదు.

బాగైపోయిందని రాయలేను. మొన్న ఒక పూట కంచం నెట్టేసింది. స్వెటర్ ఇంకా తీయలేదు. ఇవాళ ఉదయం ఉప్మా. అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నలభై నిమిషాలు గడిచాయి, ఇంకా సగం ఉంది. వాన తెరిపి ఇచ్చిందని డాబా మీద అప్పడాలు ఆరవేశాం. పైన రెక్కల చప్పుడు వినిపించింది. చెల్లెలు తల ఎత్తి, "అమ్మా, కాకులు. అప్పడాలన్నీ తినేస్తాయి, వెళ్ళు" అంది.

అమ్మ కదలలేదు. "తిననీ" అంది.